అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి కాంట్రాక్టరు లైసెన్సు: దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసిన విషయాలు

అమెరికాలో కాంట్రాక్టర్లకు దేశమంతటా చెల్లే ఫెడరల్ లైసెన్సు లేదు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే, కొన్ని రాష్ట్రాలైతే ఆ బాధ్యతను కౌంటీలకూ నగరాలకూ వదిలేశాయి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, అరిజోనా, నెవాడా, నార్త్ కరొలైనా, జార్జియా, టెన్నెసీ వంటి చోట్ల జనరల్ కాంట్రాక్టరుకు, అంటే నిర్మాణం మొత్తాన్ని చేపట్టేవారికి, రాష్ట్ర లైసెన్సు ఉండాలి. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు లేకపోయినా ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు, ఏసీ పని చేసేవారికి ఉంది. న్యూయార్క్ రాష్ట్రం జనరల్ కాంట్రాక్టరును లైసెన్సు అడగదు గానీ, న్యూయార్క్ నగరంలో ఇళ్ల మరమ్మతులు చేయాలంటే నగరం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో పరీక్ష లేదు, కానీ రిజిస్ట్రేషనుతో పాటు జనరల్ కాంట్రాక్టరు 30,000 డాలర్ల బాండు (పని చేయించుకునేవారికి హామీగా ఉండే పూచీ పత్రం), బీమా చూపాలి. అందుచేత మన రాష్ట్రంలో లైసెన్సు అక్కర్లేదట అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగకుండా, పని జరగబోయే నగరపు బిల్డింగ్ డిపార్ట్‌మెంటులో కూడా కనుక్కోవడం మంచిది.

తరువాత చూడవలసింది ఎంత విలువైన పని నుంచి లైసెన్సు అవసరమవుతుందన్నది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఈ హద్దు 1,000 డాలర్లు, అంతకు ముందు 500 ఉండేది. కూలీ, సామగ్రి రెండూ కలిపి ఈ మొత్తాన్ని లెక్కిస్తారు, ఒకే పనిని చిన్న చిన్న బిల్లులుగా విడగొట్టినా మినహాయింపు రాదు. విలువ ఎంత తక్కువైనా పర్మిట్ అవసరమైన పనికి గానీ, మనుషులను పెట్టుకుని చేసే పనికి గానీ ఆ మినహాయింపు వర్తించదు. నార్త్ కరొలైనాలో 2023 అక్టోబరు నుంచి 40,000 డాలర్లు, ఆపైన విలువగల పనులకు లైసెన్సు కావాలి.

ఏ తరగతి లైసెన్సు అన్నది మీరు నిజంగా చేయబోయే పనిని బట్టి ఎంచుకోండి. కాలిఫోర్నియాలో ఇళ్లు, భవనాలు కట్టేవారికి బి తరగతి ఉంది. ఉన్న ఇంటికి మార్పులు చేసేవారి కోసం 2021లో బి-2 తరగతి మొదలైంది. ఫ్లోరిడాలో రెసిడెన్షియల్ కాంట్రాక్టరు మూడు కుటుంబాల వరకు ఉండే చిన్న ఇళ్లు కట్టవచ్చు, బిల్డింగ్ కాంట్రాక్టరు మూడు అంతస్తుల దాకా వెళ్లవచ్చు, జనరల్ కాంట్రాక్టరుకు అంతస్తుల పరిమితి లేదు. నార్త్ కరొలైనా అంతస్తులను కాక డబ్బును చూస్తుంది: లిమిటెడ్ లైసెన్సుతో ఒక్కో ప్రాజెక్టు 7,50,000 డాలర్లు, ఇంటర్మీడియట్‌తో 15,00,000 డాలర్లు దాటకూడదు.

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుబడేది అనుభవాన్ని రుజువు చేసే దగ్గరే. పరీక్షకు పుస్తకాలు చదివితే సరిపోతుంది, అనుభవపు కాగితాలను మాత్రం ఎన్నో నెలల ముందు నుంచే కూడబెట్టుకోవాలి. కాలిఫోర్నియా గత పదేళ్లలో కనీసం నాలుగేళ్ల జర్నీమన్ స్థాయి అనుభవం అడుగుతుంది, అంటే పైనుంచి ఎవరూ చూసుకోనక్కరలేకుండా ఆ పనిని సొంతంగా చేయగలిగిన స్థాయి. సివిల్ ఇంజనీరింగ్ వంటి చదువుకు కొంత మినహాయింపు దొరికినా, కనీసం ఒక సంవత్సరం పని చేతుల మీదుగా చేసి ఉండాలి. ఆ అనుభవాన్ని దగ్గరుండి చూసిన వ్యక్తి, అంటే యజమాని, తోటి పనివాడు, ఇన్‌స్పెక్టరు, ఆర్కిటెక్టు వంటివారు, సంతకం చేసి ధ్రువీకరించాలి. ఆ పత్రంలో “నాలుగేళ్లు ఇళ్ల నిర్మాణంలో పని చేశాడు” అని ఒక్క ముక్క రాస్తే దానికి బరువు ఉండదు. పునాదికి ఫారాలు (కాంక్రీటు పోసే అచ్చులు) కట్టి కాంక్రీటు పోయించడం, గోడల ఫ్రేమింగ్, పైకప్పు ట్రస్సులు ఎక్కించడం, డ్రైవాల్, టైల్స్ అని పనులను విడివిడిగా, ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయించండి. ఎందుకంటే బి తరగతికి ఫ్రేమింగ్‌తో పాటు దానితో సంబంధంలేని మరో రెండు రకాల పనుల అనుభవం కూడా కనబడాలి. పే స్టబ్‌లు (జీతపు చీటీలు), డబ్ల్యూ-2లు (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), పర్మిట్ల నకళ్లు జాగ్రత్తగా దాచి ఉంచండి, అధికారులు అడిగితే చూపవలసింది అవే.

మీకు అనుభవం లేకపోతే అనుభవమున్న ఉద్యోగిని క్వాలిఫయర్‌గా, అంటే లైసెన్సుకు కావలసిన అర్హత చూపే వ్యక్తిగా, పెట్టి సంస్థ పేరిట లైసెన్సు తీసుకునే వీలుంది. అయితే పేరు మాత్రం అరువిచ్చి పనివైపు తొంగిచూడని మనిషిని పెట్టుకోవడం చాలా ప్రమాదం. కాలిఫోర్నియాలో అలాంటి ఉద్యోగి వారానికి కనీసం 32 గంటలు, లేదా సంస్థ పనిచేసే గంటల్లో 80 శాతం, ఏది తక్కువైతే అంతసేపు నిజంగా పనిచేయాలి, పనులను స్వయంగా పర్యవేక్షించాలి. వీసా మీద ఉన్నవారు మరొకటి గమనించాలి: లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన పని చేసే హక్కు వచ్చినట్టు కాదు. హెచ్-1బీపై ఉన్నవారు కాంట్రాక్టులు ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని తప్పక సంప్రదించాలి.

పరీక్షల్లో సాధారణంగా ఒక భాగం చట్టం, వ్యాపార నిర్వహణ మీద, మరొకటి నిర్మాణ పని మీద ఉంటుంది. ఫ్లోరిడాలో అనుమతించిన పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయవచ్చు, కాలిఫోర్నియాలో ఆ వీలు లేదు. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పని చేయాలనుకునేవారు నాస్‌క్లా (రాష్ట్రాల కాంట్రాక్టరు లైసెన్సు సంస్థల సంఘం) గుర్తింపు పరీక్ష గురించి తెలుసుకోవాలి, దానిని అనేక రాష్ట్రాలు అంగీకరిస్తాయి.

బాండును, బీమాను ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. బీమా మీకు రక్షణ, బాండు మీ చేత పని చేయించుకునేవారికి రక్షణ. మీ తప్పు వల్ల నష్టపోయినవారికి బాండు సంస్థ డబ్బు చెల్లిస్తే, ఆ మొత్తాన్ని తిరిగి మీ నుంచే వసూలు చేస్తుంది. కాలిఫోర్నియాలో 2023 నుంచి ఈ బాండు 25,000 డాలర్లు. మీరు అంత డబ్బు కట్టనక్కరలేదు, మీ క్రెడిట్ చరిత్రను బట్టి ఏటా కొంత ప్రీమియం మాత్రం కట్టాలి. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల సంస్థ) పెడితే అదనంగా 1,00,000 డాలర్ల బాండు అడుగుతారు కాబట్టి, సంస్థ స్వరూపాన్ని ముందే ఆలోచించుకోండి. పనివారిని పెట్టుకున్నప్పుడు వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా (పనిలో గాయపడినవారికి పరిహారం ఇచ్చేది) తప్పదు, కాలిఫోర్నియాలో రూఫింగ్ కాంట్రాక్టరుకైతే పనివారు లేకపోయినా ఉండాలి. సంస్థ పేరు దరఖాస్తులో, బాండులో, బీమా పత్రంలో, రాష్ట్రంలో నమోదైన కాగితాల్లో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి, చివరన ఉండే “ఇంక్” తో సహా.

లైసెన్సు లేకుండా పని చేస్తే పోయేది జరిమానా ఒక్కటే కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అలాంటి కాంట్రాక్టరు తనకు రావలసిన డబ్బు కోసం దావా వేయలేడు. పైగా ఇంటి యజమాని అంతవరకు చెల్లించినదంతా వెనక్కి ఇమ్మని కోర్టుకెళ్లవచ్చు, పని ఎంత బాగా చేసినా సరే.

లైసెన్సు వచ్చాక ఒప్పందాల మీద, ప్రకటనల మీద దాని నంబరు వేయాలి. కాలిఫోర్నియాలో ఇళ్ల మరమ్మతు పనికి అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా ఒప్పందంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. 1978కి ముందు కట్టిన ఇంట్లో పాత పెయింటు కదిలించే పని ఒప్పుకుంటే, రాష్ట్ర లైసెన్సుకు తోడు పెయింటులోని సీసానికి (లెడ్‌కు) సంబంధించి ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే ధ్రువీకరణ మీ సంస్థకు ఉండాలి, ఆ పనిలో శిక్షణ పొందిన రినోవేటరు కూడా ఒకరు ఉండాలి.