దేహమే మాటగా – నాలుగో పాఠం: ఒకే రాయి, నాలుగు దేహాలు

గత పాఠంలో నిలబడటం నేర్చుకున్నాం. ముఖానికి తెల్లటి గుడ్డ కట్టుకుని, ఏ పాత్రా కాకుండా, ఏ భావమూ చూపకుండా, రెండు పాదాల మీద సమానంగా బరువు ఉంచి ఐదు నిమిషాలు నిలబడటం. ఫ్రెంచి నటనా గురువు జాక్ లెకాక్ 1956లో పారిస్‌లో బడి తెరిచి, తటస్థ మాస్కుతో, అంటే ఏ భావమూ లేని ముఖపు తొడుగుతో, చేయించిన సాధనకు అది మన ఇంటి రూపం. అది ఇంకా కుదరనివారు మరో వారం అదే చేయండి, తొందరేమీ లేదు. నిలకడ రాకుండా కదిలితే ఏది శైలి, ఏది మీ పాత అలవాటు అన్నది మీకే తెలియదు.

ఈ పాఠంలో చేసే పని ఒక్కటే: నేల మీది రాయిని తీసి విసరడం. నిజం రాయి వద్దు, ఉన్నట్టు ఊహించుకుంటే చాలు. దాన్నే నాలుగు కాలాల నాటక శైలుల్లో చేసి చూద్దాం. చేస్తున్నంతసేపూ ఒక ప్రశ్నను వదలకండి: ఈ కదలిక ఎక్కడ పుట్టింది?

ముందు గ్రీకుల దగ్గరికి వెళదాం. ఎపిడారస్‌లో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో కట్టిన రంగశాల ఇప్పటికీ నిలిచి ఉంది. కొండవాలులో 55 వరుసల రాతి మెట్లు, పన్నెండు వేల మందికి పైగా పట్టే చోటు. కింద గుండ్రటి ఆవరణ. దాని పేరు ఆర్కెస్ట్రా, అంటే నాట్యం చేసే చోటు. పై వరుసలో కూర్చున్నవారికి నటుడు బొటనవేలంత కనిపిస్తాడు. పైగా ముఖమంతా కప్పే మాస్కు. కనుబొమ్మ ఎగరేయడం, పెదవి వణికించడం లాంటివి, మనం నటన అనుకునే వాటిలో సగం, అక్కడ పనికిరావు. మరి అంత ఎత్తున ఉన్నవారికి దుఃఖం ఎలా అందాలి?

ఆ బరువులో ఎక్కువ భాగం మోసింది కోరస్, అంటే కలిసి పాడి ఆడే బృందం. విషాద నాటకంలో మొదట 12 మంది ఉండేవారని, నాటకకర్త సోఫోక్లీస్ కాలానికి 15 మంది అయ్యారని చెబుతారు. వాళ్లు పాడుతూ నర్తిస్తూ నాటకమంతా ఆ ఆవరణలోనే ఉంటారు. వారి పాటలో ఒక చరణం పేరు స్ట్రోఫీ, అంటే తిరగడం. దానికి జవాబుగా వచ్చే చరణం యాంటీస్ట్రోఫీ, అంటే ఎదురు తిరగడం. అసలు అడుగులు మనకు మిగల్లేదు, పాటల పేర్లలో మాత్రం నడక మిగిలింది.

ఇంకొకటి కూడా మిగిలింది. నేపుల్స్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 400 ప్రాంతపు మట్టి పాత్ర ఒకటి ఉంది, దాన్ని ప్రొనోమస్ పాత్ర అంటారు. దాని మీద ఒక సాటిర్ నాటక బృందాన్ని చిత్రించారు (సాటిర్‌లంటే సగం మనిషి, సగం జంతువు అయిన గ్రీకు పురాణ జీవులు; ఆ వేషాల కోరస్‌తో ఆడే హాస్య నాటకం అది). కోరస్‌లోని యువకులు చాలామంది మాస్కులు చేత పట్టుకుని తీరిగ్గా ఉన్నారు. ఒకడు మాత్రం మాస్కు తగిలించుకున్నాడు, వాడు అప్పుడే నర్తిస్తున్నాడు. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసినా నా చూపు వాడి దగ్గరే ఆగుతుంది. ముఖం మూసుకున్న క్షణం నుంచి చెప్పవలసిందంతా ఒళ్లే చెప్పాలని ఆ చిత్రకారుడికి తెలుసు.

ఇక సాధన. ఐదుగురు ఉంటే మంచిది, లేకపోతే ఇంట్లో ఇంకొకరు చాలు. వీపులు ఆనించి నిలబడండి. అవతలివారి ఊపిరి మీ వీపుకు తెలిసేదాకా కదలకండి. తెలిశాక, ఒక ఉచ్ఛ్వాసతో ఇద్దరూ కలిసి వంగి రాయి తీయండి, ఒక నిశ్వాసతో విసరండి. లోపల కూడా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టకండి. లెక్కపెడితే అది కవాతు అవుతుంది. మొదట్లో ఒకరు ముందు, ఒకరు వెనక అవుతారు. పది పదిహేను సార్లు చేశాక ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ తెలియని ఒక క్షణం వస్తుంది. ఆ కదలిక ఇద్దరి మధ్య ఉన్న ఊపిరిలో పుట్టింది.

రెండోది ఇటలీ కమ్మీడియా దెల్లార్తె, అంటే వృత్తి నటులు మాస్కులతో, అప్పటికప్పుడు మాటలు కల్పించుకుంటూ ఆడే హాస్య నాటకం. పాడువా నగరంలో 1545లో కొందరు నటులు కలిసి రాసుకున్న ఒప్పంద పత్రం ఈ వృత్తి బృందాల గురించి దొరికిన తొలి ఆధారాల్లో ఒకటి. ఇక్కడ మాస్కు తోలుతో చేసినది, సగం ముఖానికే ఉంటుంది. నోరు ఖాళీ, కనుక మాటా నవ్వూ బయటికి వస్తాయి. సేవకుడు అర్లెకీనోకు ఎప్పుడూ ఆకలే. అతనికి రాయి దొరికితే ముందు రొట్టె అనుకుంటాడు, వాసన చూస్తాడు, కొరుకుతాడు, పన్ను నొప్పి పుట్టాక విసురుతాడు. ఇక్కడ కదలిక పొట్టలో పుడుతుంది. పొట్ట ముందు నడిచి, కాళ్లు దాని వెనక పరిగెత్తాలి. ఈ పాత్రల నడకలకు విడిగా రెండు పాఠాలు ఉంచాను, ఇప్పటికి ఇంత చాలు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రష్యా దర్శకుడు మేయర్‌హోల్డ్ 1920లలో మాస్కోలో 'బయోమెకానిక్స్' అనే శిక్షణను రూపొందించాడు. అందులోని అభ్యాసాల్లో ఒకదాని పేరే 'రాయి విసరడం'. నటుడు లోపల ఏడ్చి, ఆ ఏడుపు బయటికి వచ్చేదాకా వేచి ఉండడం ఆయనకు నచ్చలేదు. దేహం సరైన భంగిమలోకి వస్తే భావం దాని వెంట వస్తుందని ఆయన నమ్మాడు.

ఆయన ప్రతి కదలికనూ మూడు ముక్కలు చేశాడు. మొదటిది ఒత్కాజ్: చేయబోయే పనికి ఎదురు దిశలో చిన్న కదలిక. రెండోది పొసీల్: అసలు పని. మూడోది తోచ్కా: ముగింపు చుక్క, దేహం పూర్తిగా ఆగే చోటు. పేర్లు కొత్తగా ఉన్నా విషయం మనకు తెలిసిందే. రోట్లో పోటు పడాలంటే రోకలి ముందు పైకి లేవాలి. పొట్టేలు ఢీకొట్టే ముందు నాలుగడుగులు వెనక్కి వెళుతుంది. ఆ వెనకడుగే ఒత్కాజ్. చూసేవాడి కన్ను అక్కడే మేలుకుంటుంది.

ఇప్పుడు చేయండి. కుడిచేత్తో ముందుకు విసరాలి కనుక బరువును మెల్లగా వెనక ఉన్న కుడికాలి మీదికి తీసుకురండి. మోకాలు కొద్దిగా వంగుతుంది. ఎడమచేయి ముందుకు చాచి గురి చూపుతుంది. కుడిచేయి చివరగా వెనక్కి వెళుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తొడ కండరం బిగిసిందా? బిగియకపోతే మీరు చేత్తోనే విసరబోతున్నారన్నమాట. మళ్లీ మొదటికి రండి. ఇప్పుడు మడమతో నేలను నెట్టండి. ఆ తోపు నడుముకు, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి మణికట్టుకు చేరాక రాయి వెళుతుంది. వెళ్లాక ఆగిపోండి. ఊగిసలాట ఉండకూడదు. రాయి పడిన చోటును కళ్లతో చూడండి, అప్పుడే చుక్క పెట్టినట్టు.

పరిషత్తు నాటకాల్లో పనిచేసి వచ్చినవారికి ఇది కష్టంగా ఉంటుంది. మనకు మాట ముందు, చేయి తరవాత. 'పో' అన్నాక వేలు తలుపు వైపు వెళుతుంది. పద్యనాటకంలో మైకు ముందు కదలకుండా నిలబడి రాగం అందుకోవడం అలవాటైనవారికి నడుము కింద దేహం ఉన్న సంగతే గుర్తుండదు. వాచికం మన బలం, దాన్ని వదలమని నేను అనను. ఈ మూడు ముక్కలు కుదిరాక అదే 'పో' అనండి. వెనకడుగులో ఊపిరి తీసుకుని, చుక్క దగ్గర మాట వదలండి. గొంతు పెంచకుండానే మాట బరువెక్కుతుంది.

మేయర్‌హోల్డ్‌ను 1939లో అరెస్టు చేసి, 1940 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆయన పద్ధతి శిష్యుల ఒంట్లో బతికింది, అక్కడి నుంచి మనదాకా వచ్చింది.

నాలుగోది మనకు దగ్గరి కాలం. జర్మనీలోని వుప్పర్టాల్‌లో నృత్య దర్శకురాలు పీనా బౌష్ 1978లో చేసిన 'కఫే ముల్లర్' అనే నృత్య నాటకంలో ఒక ఘట్టం ఉంది. ఒక స్త్రీ, ఒక పురుషుడు కౌగిలించుకుని ఉంటారు. మూడో మనిషి వచ్చి ఆ కౌగిలి విడదీసి, ఆమెను ఆ పురుషుడి చేతుల మీద పడుకోబెడతాడు. అతను పట్టుకోలేడు, ఆమె నేల మీద పడుతుంది. వెంటనే లేచి మళ్లీ కౌగిలించుకుంటుంది. మూడో మనిషి మళ్లీ వస్తాడు. ఇదే జరుగుతుంది, వేగం పెరుగుతూ పోతుంది. చివరికి మూడో మనిషి వెళ్లిపోయినా వాళ్లిద్దరూ దాన్ని ఆపలేరు. అందులో వెనకడుగు లేదు, చుక్కా లేదు. ఆయాసం నిజమైనది.

కనుక రాయిని విసరండి. వెళ్లి తీసుకోండి, మళ్లీ విసరండి. అలా ఇరవై సార్లు, ఆగకుండా. అలసటను దాచకండి, నటించకండి. మోకాలి నొప్పి ఉన్నవారు సగం వంగి, పది సార్లతో ఆపండి. ఎక్కడో ఒక చోట, సాధారణంగా పన్నెండో సారి దాటాక, విసురుతున్నది ఎవరి మీదనో గుర్తుకొస్తుంది. వచ్చినా చేయి ఆపకండి, ముఖం మార్చకండి.

ఈ వారం రోజుకు ఒక శైలి చొప్పున నాలుగు రోజులు చేయండి. ఐదో రోజు నాలుగూ వరసగా చేసి, ఇంట్లో ఒకరిని చూడమనండి. రాయి ఎంత బరువుందని ప్రతిసారీ వారిని అడిగి, వారు చెప్పింది నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ పుస్తకం, ఒక పాత తువ్వాలు, చేతులు లేని కుర్చీ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.