ట్రస్టీ మామని లెక్క అడగబోయే ముందు కొన్ని జాగ్రత్తలు

మామిడి పూత దిగే నెలలు దగ్గర పడతన్నాయంటే మన చిత్తూరు వైపు గుత్తల (ఏడాది కాపుని ఇంత అని మాట్లాడుకుని ఇంకొకరికి ఇచ్చే) బేరాలు మొదలైనట్టే. తోట ట్రస్టు కింద ఉండి, ట్రస్టీగా దాన్ని చూసుకునే పెద్దాయన లెక్క చెప్పకుండా తిప్పతా ఉంటే ఈ ఏడు కాయ కూడా ఎవరికి ఎంతకిచ్చాడో తెలీకుండానే పోతాది. అందుకే అడిగేదేదో పూతకి ముందే అడగాల. కానీ ఏ తయారీ లేకుండా పండక్కి అందరూ చేరినప్పుడు భోజనాల కాడ "మా భాగం మాకు పడేయ్ మామా" అని మొదలుపెట్టినారంటే గొడవే మిగుల్తాది, కాయితం ఒక్కటి కూడా బయటికి రాదు.

నన్నడిగితే మొదట భాగం ఎత్తనే ఎత్తొద్దు, లెక్క అడగండి. భాగం అడిగితే టైం రాలేదు, చిన్నోడు ఇంకా సెటిల్ కాలేదు, మీ తాత అట్లా రాయలేదు అని వంద కారణాలు చెప్తాడు. లెక్కకి ఆ సాకులు పనికిరావు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్‌లో సెక్షన్ 19 ప్రకారం ట్రస్టీ లెక్కలు సరిగ్గా రాసిపెట్టాల, ట్రస్టు ఎవరికోసం రాసినారో వాళ్ళు అడిగితే ఆస్తి ఎంత ఉంది, ఏ స్థితిలో ఉంది అనేది పూర్తిగా చెప్పాల. సెక్షన్ 57 ప్రకారం ట్రస్టు డీడ్, ఆస్తి పత్రాలు, లెక్క పుస్తకాలు, వోచర్లు చూసే హక్కు, కాపీలు తీసుకునే హక్కు మీకుంది. "నన్నే లెక్క అడుగుతావా" అని ఆయనకి కోపం రావచ్చు, అయినా ఆ కోపంతో ఈ హక్కు పోదు.

ఇంతకీ ఆయన నిజంగా ట్రస్టీయేనా అనేది ముందు తేల్చుకోండి, సగం ఇళ్ళల్లో తికమక ఇక్కడే. పెద్దాయన చేతిలో బీరువా తాళాలున్నంత మాత్రాన ట్రస్టీ అయిపోడు. స్థిరాస్తి మీద ట్రస్టు అంటే రిజిస్టరైన డీడ్ ఉండాల, లేదా వీలునామాలో రాసి ఉండాల. మీ నాయన బతికున్నప్పుడు ఆయనకి ఇచ్చింది జీపీఏ (తన తరఫున పనులు చెయ్యమని రాసిచ్చే పవర్) మాత్రమే అయితే అది మామూలుగా మీ నాయనతోనే పోయింది, ఇంకా దాన్ని పట్టుకుని సంతకాలు పెడతన్నాడంటే అది వేరే కేసు. ఎఫ్‌డీలో నామినీగా ఆయన పేరుందంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునేదానికే, ఆ డబ్బు వారసులదే. ఇంకోటి, మన తిరుపతిలో సత్రం పేరుతోనో అన్నదానం పేరుతోనో తాతలు రాసిపెట్టిన ధర్మాలు చానా ఉంటాయి, అట్లాంటివాటికి 1987 ఎండోమెంట్స్ (దేవాదాయ ధర్మాదాయ) చట్టం వస్తాది, దారి వేరు, అదేందో విడిగా లాయర్‌ని కనుక్కోండి.

డీడ్ ఆయన ఇవ్వకపోతే బతిమాలే పని లేదు. రిజిస్టరైనదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అప్లై చెయ్యండి. రిజిస్టరైన వీలునామా అయితే రాసినాయన పోయినాక ఎవరడిగినా కాపీ ఇస్తారు, డెత్ సర్టిఫికెట్ పట్టుకుపోండి. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) కూడా అప్పుడే తీయండి, ఇంటికి పాత డోర్ నంబర్, కొత్త డోర్ నంబర్ రెండిటితో, తోటకి సర్వే నంబర్‌తో. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపించే రెవెన్యూ రికార్డులు) చూసి ప్రింట్ తీసి పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది కదా, ఇల్లు తిరుపతిలో, తోట చిత్తూరు పక్కన ఉంటే రెవెన్యూ పనులకి రెండు కలెక్టరేట్లు, అది ముందే గుర్తుంచుకోండి. ఈసీ క్లీన్‌గా ఉందని నిద్రపోవద్దు, తెల్ల కాయితం మీద రాసుకున్న అగ్రిమెంట్లు దాంట్లో కనపడవు.

ఇప్పుడు గుత్త సంగతి, అసలు లీకేజీ అంతా ఇక్కడే. ఈ గుత్తలు చానావరకు రిజిస్టర్ చెయ్యరు, పూత చూసి కొంత అడ్వాన్స్, కాయ కోసేటప్పుడు మిగతాది, చానావరకు చేతికి చేతే. కాయితం మీద రెండు లక్షలు రాసి చేతికి మూడు తీసుకుంటే ఎవరికి తెలుస్తాది? అందుకే చెట్లెన్ని, తోతాపురి ఎన్ని, బేనీషా ఎన్ని, ఏ చెట్లు ఈ ఏడు పట్టలేదు, ఇవన్నీ మీరే తోటంతా తిరిగి రాసుకోండి, ఫోటోలు తీసుకోండి, పక్క తోట ఎంతకి పోయిందో మాటల్లో కనుక్కోండి. ట్రస్ట్స్ యాక్ట్ సెక్షన్ 36 ట్రస్టీ కౌలుకిచ్చేటప్పుడు న్యాయంగా రాగలిగినంత మంచి కౌలు రాబట్టాలంటాది, 21 ఏళ్ళు దాటి కౌలుకి ఇయ్యాలంటే కోర్టు పర్మిషన్ కావాలంటాది. బామ్మర్దికి సగం రేటుకి ఇచ్చుంటే మీ పాయింటు అదే. గుత్తదారుతో మాత్రం గొడవ పెట్టుకోవద్దు, రేపు సాక్షి అయ్యేది ఆయనే.

అడగడం ఉత్తరంతోనే అడగండి, మర్యాదగానే రాయండి. "మామా, నమస్కారం. తాత రాసిన ట్రస్టు డీడ్ ప్రకారం ఇంటి బాడుగలు, తోట గుత్త, బ్యాంకు ఖాతా వీటి లెక్కలు గత మూడేండ్లవి చూడాలనుకుంటున్నాం. ఈ నెలాఖరులోపు మీకు వీలైన రోజు చెప్పండి, మేమే వస్తాం." ఇంతే చాలు, దొంగ, మోసం అనే మాటలు వద్దు, వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజులు అసలే వద్దు, అవన్నీ రేపు ఆయన లాయరే వినిపిస్తాడు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసినారు, కాబట్టి అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. కొందరు నిజంగా దొంగలు కాదు, బాడుగ నోటుబుక్కు ఒక్కటి రాసి మిగతాది నోటి లెక్కన నడిపినవాళ్ళు, భయంతో బిగుసుకుపోతారు. అట్లాంటాయనకి "ఆడిటర్ ఫీజు ట్రస్టు నుంచే ఇద్దాం, ఆయనే రాస్తాడు" అంటే దిగొచ్చే ఛాన్సు ఉంది.

చెయ్యకూడనివి కొన్ని. లెక్క చూడకుండా "అన్నీ ముట్టినాయి" అనే కాయితం మీద గానీ, హక్కు విడుదల దస్తావేజు మీద గానీ, ఖాళీ స్టాంపు పేపర్ మీద గానీ సంతకం పెట్టొద్దు, అక్కచెల్లెళ్ళకి ముఖ్యంగా చెప్తన్నా, పసుపుకుంకాల కింద కొంత ఇస్తాం అని సంతకం తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. బాడుగకున్నోళ్ళ దగ్గరికి పోయి ఇకమీదట బాడుగ మాకే ఇమ్మని చెప్పొద్దు, తాళాలు పగలగొట్టొద్దు, ఇవి చేస్తే కేసు మీ మీదికే తిరుగుతాది. డబ్బు మింగినట్టు కాయితాల్లో ఆధారం దొరికితే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు కూడా ఉంది, ఇప్పుడది బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన క్రిమినల్ చట్టం) సెక్షన్ 316, కానీ ఉట్టి చేతులతో స్టేషన్‌కి పోతే సివిల్ మ్యాటర్ అని పంపించేస్తారు.

మీ ఉత్తరం పోయినాక ఆయనే ముందుగా కోర్టుకి పోయి మీరు తోటలోకి రాకుండా ఆర్డర్ తెచ్చుకునే అవకాశం ఉంది. దానికి ముందే కేవియట్ (మా మాట వినకుండా ఆర్డర్ ఇయ్యొద్దని కోర్టులో ముందుగా వేసే అర్జీ) వెయ్యండి, 90 రోజులు పనిచేస్తాది, ఆస్తులు రెండు చోట్ల ఉంటే చిత్తూరులో, తిరుపతిలో రెండు చోట్లా వెయ్యడం మేలు. టైం దాటిపోయింది, ఇంక మీరు అడగలేరు అని ఎవరన్నా బెదిరిస్తే లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 10 గురించి లాయర్‌ని అడగండి, ఫలానా పనికోసం ఆస్తి అప్పజెప్పిన ట్రస్టీని లెక్క అడిగేదానికి కాలపరిమితి అడ్డు రాదు. అయితే డబ్బిచ్చి కొనుక్కున్నాయన మీద ఆ సెక్షన్ పనికిరాదు, అందుకే అమ్మకం వాసన తగిలితే ఆలస్యం చెయ్యకుండా, అమ్మకం ఆపే కోర్టు ఆర్డర్ అంటే ఇంజంక్షన్‌కి పోవాల. ట్రస్టీని మార్చాలంటే డీడ్‌లో కొత్త ట్రస్టీని పెట్టే అధికారం ఎవరికిచ్చినారో చూడండి, ఆ దారి కుదరకపోతే ట్రస్ట్స్ యాక్ట్ సెక్షన్ 74 కింద కోర్టుని అడగొచ్చు. ఖర్చుకి భయపడే ఆడవాళ్ళు లీగల్ సర్వీసెస్ అథారిటీకి పోండి, ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే మాత్రం దాని మీద అప్పీల్ ఉండదు, కాబట్టి ఏ తేదీకి ఎంత, తోట ఎవరు చూడాల, ఈ ఏడు గుత్త డబ్బు ఏ ఖాతాలో పడాల అనేది అవార్డులో (లోక్ అదాలత్ ఇచ్చే ఆర్డర్‌లో) రాయించుకున్నాకే సంతకం పెట్టండి.