కళ్లకు మూడక్షరాలు, కంప్యూటర్‌కు నాలుగు

రష్యన్ పదాల జాబితాలో 'మాయ్' (మే నెల) అని వెతికితే దొరకలేదు. పదం ఎదురుగానే ఉంది! ముందు స్పెల్లింగ్ తప్పేమో అనుకున్నా. పొడవు లెక్కపెట్టించి చూస్తే, నేను టైప్ చేసినదానికి 3 వచ్చింది, ఫైల్లోదానికి 4.

తేడా అంతా చివరి అక్షరంలోనే. నెత్తిన చిన్న గిన్నెలాంటి గుర్తున్న ఆ అక్షరానికి యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం) 0439 అనే సొంత కోడ్ ఉంది. మామూలు 'ఇ' 0438 రాసి, వెనకే 0306 అనే ఆ గిన్నె గుర్తు పెట్టినా తెర మీద అదే బొమ్మ. ఈ కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో మొదటిది 2 బైట్లు, రెండోది 4. మన 'కి' కూడా క, గుడి కలిసిన రెండు కోడ్‌లేగా. కాకపోతే 'కి' రాయడానికి ఒకే దారి, అక్కడ రెండు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో రెండువైపులా ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (వీలైనచోట అక్షరాన్నీ గుర్తునూ ఒకే కోడ్‌గా కలిపేది) మార్చా. 'మాయ్' దొరికింది.

పదంలో ఎక్కడ నొక్కి పలకాలో చూపే గీత ఉన్న పదాలు మాత్రం మొండికేశాయి. గీతతో ఉన్న 'ఆ'కు రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో ఒకే కోడ్ అసలు లేదు, అక్షరం 0430 తర్వాత గీత 0301 రావాల్సిందే. తొందరపడి గుర్తులన్నీ పీకేశా. 'య్' కాస్తా 'ఇ' అయిపోయింది! అందుకని ఎన్ఎఫ్‌సీకి ఎదురు రూపమైన ఎన్ఎఫ్‌డీతో విడదీసి, 0301 ఒక్కటే తీసేసి, మళ్లీ ఎన్ఎఫ్‌సీ చేశా. ఇది వెతకడానికి చేసే కాపీలోనే, అసలు పాఠాన్ని ముట్టుకోలేదు.

తెర మీద గీత అక్షరం పక్కకు జారడం వేరే గొడవ. అది ఫాంట్ తప్పు, ఫాంట్ మార్చగానే కుదురుకుంది.