బోల్డ్ డిస్‌ప్లే సెరిఫ్: గీయడం నుంచి శీర్షికలో కూర్చడం వరకు

బోల్డ్ డిస్‌ప్లే సెరిఫ్ టైప్‌ఫేస్ (గీతల చివర చిన్న పాదాల్లాంటి సెరిఫ్‌లుండి, పెద్ద శీర్షికలకు వాడే లావు అక్షరశైలి) గీయదలచినవారు పెన్సిల్ పట్టకముందే, దాన్ని ఎంత చిన్న సైజు వరకు దించి వాడనివ్వాలో తేల్చుకోవాలి. ఎమ్ చతురస్రాన్ని, అంటే ఫాంట్ సైజంత ఎత్తుండే ఊహా చతురస్రాన్ని, 1000 యూనిట్లుగా తీసుకుని, అందులో సన్న గీతను 20 యూనిట్లు ఉంచారనుకుందాం. 72 పాయింట్ల శీర్షికలో ఆ గీత 1.44 పాయింట్ల మందంతో స్పష్టంగా నిలుస్తుంది. అదే అక్షరం 12 పాయింట్లకు దిగితే అది 0.24 పాయింట్లే అవుతుంది. 16 పిక్సెళ్ల వెబ్ పాఠంలోనైతే పిక్సెల్‌లో మూడో వంతు కూడా దక్కక, నిలువు గీతలు మాత్రమే కంటికి ఆని మాట ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

లావు, సన్న గీతల మధ్య ఎంత తేడా ఉంచాలన్న నిర్ణయం దీన్నిబట్టే వస్తుంది. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో లండన్ ఫౌండ్రీలు (అచ్చు అక్షరాలు పోతపోసే సంస్థలు) ప్రకటనల కోసం పోతపోసిన ‘ఫ్యాట్ ఫేస్’ అక్షరాల్లో నిలువు గీతలు విపరీతంగా లావెక్కాయి, సన్న గీతలు మాత్రం వెంట్రుకల్లాగే ఉండిపోయాయి. ఆస్వాల్డ్ కూపర్ గీయగా షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ 1922లో విడుదల చేసిన కూపర్ బ్లాక్ మరో దారి పట్టింది. అందులో మందాల తేడా తక్కువ, సెరిఫ్‌ల అంచులు గుండ్రన. మొదటి రకానికి ఠీవి ఎక్కువే గానీ నాజూకు కూడా ఎక్కువే. అందరి కన్నూ ముందు దానిమీదే పడుతుందని తెలిసినా, మొదటిసారి గీసేవారికి రెండో దారే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ చిన్నచిన్న లోపాలు అంత కొట్టొచ్చినట్టు కనబడవు.

గీయడం ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న ఎన్ (n), చిన్న ఓ (o), పెద్ద హెచ్ (H), పెద్ద ఓ (O)లతో మొదలుపెట్టాలి. నిలువు గీత మందం, వంపుల తీరు, సెరిఫ్ ఆకారం ఈ నాలుగింటితోనే స్థిరపడతాయి. గుండ్రని అక్షరాలను మిగతా అక్షరాల పై, కింది హద్దులకు 10 నుంచి 15 యూనిట్లు దాటనివ్వకపోతే అవి పక్కవాటికంటే పొట్టిగా కనబడతాయి. అసలు కష్టం చిన్న ‘ఈ’ (e) దగ్గర ఎదురవుతుంది. ఎక్స్ ఎత్తు (చిన్న x అక్షరం ఎత్తు) 520 యూనిట్లు అనుకుంటే, అందులో పై వంపు, మధ్య అడ్డగీత, కింది వంపు ఒకదాని మీద ఒకటి ఇమడాలి. ఒక్కొక్కటి 90 యూనిట్లయితే 270 పోయి, రెండు ఖాళీలకు కలిపి 250 మిగులుతుంది. బోల్డ్ కదా అని 130కి పెంచితే మిగిలేది 130 మాత్రమే, అంటే ఒక్కో ఖాళీకి 65, అక్షరం కన్ను దాదాపు మూసుకుపోయినట్టే. అందుకే బరువును అడ్డంగా పెంచాలి: నిలువు గీతలను 180, 200 యూనిట్ల దాకా లావెక్కించి, అక్షరం వెడల్పు పెంచి, అడ్డంగా సాగే గీతలను పలచగా ఉంచాలి. చిన్న ఏ (a), ఎస్ (s), జీ (g) అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది. ఎన్‌లో వంపు నిలువు గీతను కలిసేచోట బాగా సన్నబరచకపోతే అక్కడ సిరా మరక లాంటి నల్లటి మచ్చ తేలుతుంది. తెరమీద పదాన్ని బాగా కుదించి చూస్తే ఇలాంటి మచ్చలన్నీ ఇట్టే దొరికిపోతాయి.

అక్షరాల మధ్య ఖాళీ లోపలి ఖాళీకి తగినట్టుండాలి కాబట్టి, లోపల ఇరుకైన బోల్డ్ అక్షరాలను పక్కపక్కన కూడా దగ్గరగానే కూర్చాలి. ముందుగా హెచ్, ఓలను, ఆపైన ఎన్, ఓలను రకరకాల వరుసల్లో పేర్చి ఆ ఖాళీలను సరిచేశాకే కెర్నింగ్ (ఒక్కో అక్షరాల జంట మధ్య ఖాళీని విడిగా సవరించడం) జోలికి వెళ్లాలి. పెద్ద ఏ (A) పక్కన వీ (V), పెద్ద టీ పక్కన చిన్న ఓ వంటి జంటలకు అది తప్పదు. ప్రతి జంటకూ అవసరమవుతోందంటే మాత్రం పక్క ఖాళీల్లోనే పొరపాటుందని అర్థం.

వాడేవారి పని ఇంతకంటే తేలిక. రెండు మూడు వరుసలకు మించని శీర్షికలకే దీన్ని పరిమితం చేసి, వరుసల ఎత్తును ఫాంట్ సైజుకు 0.95 నుంచి 1.1 రెట్ల మధ్య ఉంచి, సైజు బాగా పెద్దదైతే అక్షరాలన్నిటి మధ్య ఖాళీని, అంటే ట్రాకింగ్‌ను ఒకటి రెండు శాతం తగ్గిస్తే చాలు. కింది పాఠానికి ఆడంబరం లేని రెగ్యులర్ ఫాంట్ కావాలి. అక్కడ కూడా మరో బోల్డ్ పెడితే ఏది ముందు చదవాలో పాఠకుడికి తోచదు.

వెబ్‌లో ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్, డీఎమ్ సెరిఫ్ డిస్‌ప్లే వంటి ఫాంట్లు చూడటానికి ఎంత లావుగా ఉన్నా, వాటి వెయిట్ (లావును సూచించే అంకె) విలువ 400గానే, అంటే మామూలు లావుగానే, నమోదై ఉంటుంది. బ్రౌజర్లు శీర్షికలను మామూలుగానే బోల్డ్‌గా చూపిస్తాయి కాబట్టి, బోల్డ్ ఫైలు దొరకనప్పుడు ఉన్న అక్షరాలనే కృత్రిమంగా ఉబ్బిస్తాయి. దాంతో శ్రమపడి కాపాడిన లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. శీర్షికకు ఫాంట్-వెయిట్ 400 అని స్పష్టంగా రాస్తే ఈ బెడద ఉండదు.

నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు వేసేటప్పుడు తెరకూ కాగితానికీ తేడా గమనించాలి. తెరమీద తెల్ల గీతలు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తాయి. అచ్చులో చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్న గీతలను మింగేస్తుంది. కాబట్టి అచ్చుకు పంపే ముందు సన్న గీతలు మరికాస్త మందంగా ఉన్న రూపాన్ని ఎంచుకుని, అసలు కాగితం మీదే ఒక నమూనా తీయించి చూడాలి.