మిద్దె మీద చుక్కాకు: విత్తనం నుంచి పప్పు దాకా

చుక్కాకు మొండి మొక్క. పొలం గట్ల మీద ఎవరూ పట్టించుకోకపోయినా బతికే జాతి ఇది. కాబట్టి దీనికి సేవలు ఎక్కువ చేయకండి, చాలామంది కుండీల్లో ఇది చచ్చిపోయేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై.

ఎనిమిది అంగుళాల లోతున్న పాత టబ్బు ఏదైనా సరిపోతుంది, అడుగున చిల్లులు మాత్రం తప్పనిసరి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు ఇసుక. పచ్చిపేడ వేస్తే వేర్లు మాడిపోతాయి. విత్తనాలను కాస్త పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పి, చేత్తో నీళ్లు చిలకరించండి. చెంబుతో పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకి చేరతాయి. వారం అటూ ఇటూగా మొలకలు వస్తాయి. ఒత్తుగా వస్తే నాలుగు అంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి పీకేయండి, పీకినవి ఎలాగూ పప్పులోకి పోతాయి.

తిరుపతిలో అసలు టెన్షన్ వానలతో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు దంచికొడతాయి, లేత మొలకలు మొదలు దగ్గర కుళ్లి ఒక్క రాత్రిలో వాలిపోతాయి. ముసురు పట్టిందంటే టబ్బును సజ్జా కిందికి జరపండి, లేదా తుపాన్ల సందడి తగ్గాక డిసెంబరులోనే చల్లుకోండి. చలి రోజుల్లో ఆకు మందంగా, రసంతో వస్తుంది. మార్చి దాటి ఎండ ముదిరితే మొక్క ఆకు మానేసి కంకి తీస్తుంది, దాన్ని తుంచితే ఇంకొన్నాళ్లు ఆగుతుందేమో గానీ మే నెలలో 40 డిగ్రీల్లో దీనితో పోరాడటం నా దృష్టిలో దండగ.

వేలు మట్టిలో గుచ్చి చూసి, పై మట్టి ఆరితేనే నీళ్లు. నెలా నెలన్నరలో ఆకు కోతకొస్తుంది. బయటి ఆకులు గిల్లి నడిమి చిగురు వదిలేస్తే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆకు అడుగున పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వండేముందు ఆకు బాగా కడగాలి.

పప్పు చేసేటప్పుడు స్టీలు గిన్నె లేదా మట్టి కుండ వాడండి, ఆ పులుపుకి అల్యూమినియం పనికిరాదు. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అందుకని కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరుని అడిగి తినడం మంచిది. మిగతావాళ్లకి రాగి సంకటి, చుక్కాకు పప్పు, పైన నెయ్యి... ఇక చెప్పేదేముంది.

రెండు మొక్కల్ని మాత్రం కోయకుండా వదిలేయండి. గులాబీ రంగు బుడగల్లాంటి కాయలు ఎండి గడ్డిరంగుకి తిరిగాక అరచేతిలో నలిపితే లోపల గోధుమరంగు గింజలుంటాయి. కాగితం పొట్లంలో కట్టి, వచ్చే సీజను దాకా తేమ తగలని డబ్బాలో పెట్టుకోండి.