ఎప్పుడు చూసినా అలసటేనా? ముందు అది ఏ అలసటో తేల్చుకోండి

రాత్రి త్వరగానే పడుకున్నారు. పొద్దున్న అలారం మోగితే చెయ్యి చాచి ఆపడానికి కూడా ఓపిక లేదు. పదకొండు గంటలకే పొద్దు వాలిపోయినట్టుంటుంది. ఇంట్లోవాళ్లు "కాసేపు నడుం వాల్చు" అంటారు. ఇంకొందరు బద్ధకం అనేస్తారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. బద్ధకమైతే పని చేయాలనే ఉండదు. మీకు చేయాలనే ఉంది, ఒళ్లే మాట వినడం లేదు.

ఒకటి రెండు రోజుల బడలిక విశ్రాంతితో పోతుంది. రెండు మూడు వారాలైనా వదలకపోతే కారణం వెతకాల్సిందే. అయితే ముందే ఒక మాట. అలసటతో పాటు ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, మలం నల్లగా లేదా రక్తంతో రావడం, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఇది చదువుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా, జ్వరం వదలకపోయినా, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమట పడుతున్నా ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి.

1. దానికి సరైన పేరు పెట్టండి

అన్నిటికీ కలిపి "నీరసం" అనేస్తుంటాం. కానీ మగత వేరు, నీరసం వేరు, దేనిమీదా మనసు పోకపోవడం వేరు. మధ్యాహ్నం పూట ఫోను పక్కన పెట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. రెప్పలు వాలిపోతే అది మగత, మీకు నిద్ర చాలడం లేదన్నమాట, లేదా పడుతున్న నిద్ర మంచిది కాదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి కానీ లేచి నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకి గుండె దడదడలాడితే అది నీరసం, ఒంట్లో లోపం చూసుకోవాలి. ఒంట్లో శక్తి లేదని కాదు గానీ, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పని కూడా ముట్టుకోబుద్ధి కాకపోతే అది మూడోది.

చాలామందిలో ఈ మూడింటిలో రెండు కలిసే ఉంటాయి. ఏది ఎక్కువో తెలిస్తే చాలు.

2. రెండు వారాలు రాసుకోండి

ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, టీ కాఫీలు ఎప్పుడు తాగారు, ఏ గంటకు ఓపిక అయిపోయింది. రోజుకు రెండు లైన్లు చాలు. వాడే మందులన్నీ అందులో రాయండి. జలుబుకూ దురదకూ వేసుకునే కొన్ని మాత్రలు, బీపీకి వాడే కొన్ని మందులు కూడా మనిషిని మత్తుగా, నీరసంగా చేస్తాయి. అలా అనిపిస్తే సొంతంగా ఆపకండి. డాక్టరు మార్చి ఇవ్వగలరు.

3. మగత అయితే నిద్రను సరిచేయండి

పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. "నాకు ఆరు చాలు, అలవాటైపోయింది" అనేవాళ్లు ఇది వినాలి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరికి వరసగా 14 రోజులు ఆరు గంటలే నిద్రపోనిచ్చి పరీక్షించారు. చివరికి వాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేకుండా గడిపినవాళ్ల స్థాయికి పడిపోయింది. అయినా వాళ్లకు పెద్దగా నిద్ర వస్తున్నట్టు అనిపించలేదు. అంటే అలవాటైంది నిద్రలేమి కాదు, ఆ మందకొడితనమే మామూలని అనుకోవడం.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అదే మనకు నిద్ర తెస్తుంది. కాఫీలోని కెఫీన్ దాన్ని తగ్గించదు, పనిచేయకుండా అడ్డం నిలబడుతుందంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి కప్పులో సగం రాత్రి తొమ్మిదింటికి కూడా లోపలే ఉందన్నమాట. కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానేయండి. ఒక్కసారిగా మానితే తలనొప్పి రావచ్చు, రోజుకు కొంచెం తగ్గించుకుంటూ రండి.

పడుకునే వేళకన్నా లేచే వేళను గట్టిగా పట్టుకోండి. సెలవు రోజైనా అదే టైముకు లేచి, కాసేపు వెలుతురులో నిలబడండి. పగటి కునుకు 20 నిమిషాలు దాటనివ్వకండి, దాటితే లేచాక తల దిమ్ముగా ఉంటుంది. మద్యం నిద్ర పట్టిస్తుంది గానీ నడిరాత్రి దాన్ని ముక్కలు చేస్తుంది.

ఇవన్నీ చేసినా మగత పోలేదా? పక్కన పడుకునేవాళ్లను అడగండి. మీరు గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తున్నారంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఎనిమిది గంటలు పడుకున్నా లోపల నిద్ర తెగుతూనే ఉంటుంది. దీనికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది. అంతవరకూ మగతగా ఉన్నప్పుడు బండి నడపకండి, దయచేసి.

4. నీరసం అయితే రక్తపరీక్షకు వెళ్లండి

మా అక్క జడ వేసుకుంటూ మధ్యలో రెండుసార్లు చేతులు దించేది. మెట్ల మలుపు దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేది, ఆయాసం మాకు కనపడకూడదని. వయసు మీదపడుతోందని తనకు తనే సర్దిచెప్పుకుంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.9. నెలసరిలో ఏళ్ల తరబడి రక్తం ఎక్కువగా పోతున్నా, అది ఎవరితోనైనా చెప్పాల్సిన విషయమని తనకు తోచలేదు.

గర్భం లేని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12, పురుషులకు 13 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. అయితే హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటినా నీరసం రావచ్చు, అందుకే ఆ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. వీటితో పాటు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్, బి12, కిడ్నీ, లివర్ పరీక్షలు సాధారణంగా రాస్తారు. మాంసాహారం తిననివాళ్లలో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ.

డాక్టరు ముందు "నీరసంగా ఉంటోంది" అని ఊరుకోకండి. "ఆరు నెలల క్రితం రెండంతస్తులు ఆగకుండా ఎక్కేదాన్ని, ఇప్పుడు ఒక అంతస్తుకే ఆగాల్సి వస్తోంది" అని చెప్పండి. రాసుకున్న పుస్తకం చూపించండి.

5. కొంచెం కొంచెంగా కదలండి

మంచానికి అతుక్కుపోతే కండరాలు ఇంకా బలహీనపడతాయి. రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి కొద్దికొద్దిగా పెంచండి. ఒక్క మినహాయింపు ఉంది, ఇది ముఖ్యం. చిన్న పని చేసినా మర్నాడో ఆ మర్నాడో లేవలేనంతగా కుప్పకూలిపోతుంటే, నిద్రపోయి లేచినా సేద తీరకపోతే, అది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కావచ్చు. వాళ్లను "లేచి తిరుగు, అదే పోతుంది" అని తోస్తే జబ్బు ముదురుతుంది. ఓపిక ఉన్నంతలోనే ఆగడం వాళ్లకు చికిత్సలో భాగం.

6. మూడోది అయితే దాచుకోకండి

రెండు వారాలకు పైగా దేనిమీదా ఇష్టం లేకుండా, నిద్రా ఆకలీ మారిపోయి ఉంటే డిప్రెషన్ ఉందేమో అడగాలి. అది నిజంగానే ఒంటిని అలసిపోయేలా చేస్తుంది. మాటలతో చేసే చికిత్సకూ మందులకూ తగ్గుతుంది.

7. మొదలుపెట్టిన వైద్యం మధ్యలో వదలకండి

ఐరన్ లోపమని తేలితే, అది ఎందుకు తగ్గిందో కూడా తేలాలి. ముఖ్యంగా మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూస్తారు. పరీక్ష లేకుండా ఐరన్ మింగకండి, ఎక్కువైతే అదీ హానే. మాత్రను టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మలం నల్లబడితే ఈ మాత్రల వల్లే కావచ్చు, అయినా డాక్టరుతో ఒక మాట చెప్పండి. మలబద్ధకం వస్తే మానేయకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి.

మా అక్క ఆరు వారాలకే ఓపిక వచ్చిందని మాత్రలు ఆపేసింది. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ మెట్ల మలుపులో వంగి చెప్పు సరిచేసుకుంటోంది. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు మాత్రలు వాడాలని డాక్టరు ముందే చెప్పారు. రెండోసారి ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో నేనే రాసిపెట్టాను.