మీ ప్రోగ్రామింగ్ భాషలో సింటాక్స్ తప్పులను స్పష్టంగా చూపించడం ఎలా?

‘12వ లైనులో సింటాక్స్ తప్పు’, అంటే భాష వ్యాకరణానికి సరిపడని రాత ఉందని కంప్యూటర్ చెబుతుంది. ఆ లైనును ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడదు. అసలు పొరపాటు 9వ లైనులో ఉంది. అక్కడ తెరిచిన బ్రాకెట్టును మూయలేదు. కొత్తగా నేర్చుకుంటున్నవారు ‘ఇది నా వల్ల కాదు’ అనుకునేది ఇలాంటి చోటే. సొంతంగా చిన్న భాషనైనా తయారు చేస్తున్నవారు ఈ బాధ్యతను మొదటి రోజే తలకెత్తుకోవాలి.

ముందుగా లెక్సర్ సంగతి చూడండి. ప్రోగ్రామును టోకెన్లుగా, అంటే పదాలు, సంఖ్యలు, గుర్తులు వంటి చిన్న ముక్కలుగా విడగొట్టే భాగమిది. ప్రతి టోకెనుతో పాటు అది ఏ లైనులో, ఏ అక్షరం దగ్గర మొదలై ఎక్కడ ముగిసిందో దాచిపెట్టాలి. తర్వాత చేర్చుదామనుకుంటే పార్సర్‌లో (టోకెన్లను వ్యాకరణం ప్రకారం కూర్చి చూసే భాగంలో) సగం తిరగరాయాల్సి వస్తుంది.

ఇక బ్రాకెట్లు. తెరిచే బ్రాకెట్టు ఎదురైనప్పుడల్లా దాని స్థానాన్ని స్టాక్‌లో (చివర పెట్టిందే ముందు బయటికి వచ్చే దొంతరలో) పెట్టండి, జత దొరకగానే తీసేయండి. పార్సర్ మధ్యలో ఆగిపోయినా మిగిలిన టోకెన్లను చివరిదాకా చదవండి. అప్పటికీ స్టాక్ ఖాళీ కాలేదంటే, పార్సర్ ఆగిన చోటును కాక స్టాక్‌లో పైన మిగిలిన బ్రాకెట్టును వేలెత్తి చూపించండి. పైథాన్ 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఇలాగే ‘ఈ బ్రాకెట్టును మూయలేదు’ అని చెబుతోంది.

తరచుగా జరిగే పొరపాట్లకు విడిగా నియమాలు రాయండి. షరతులో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెట్టడం, కోలన్ మరిచిపోవడం వంటివి. మామూలు పార్సింగ్ విఫలమైతేనే, రెండోసారి ఈ నియమాలతో చదివించండి. సరైన ప్రోగ్రాముల వేగం తగ్గదు. పైథాన్ పాటించే పద్ధతీ ఇదే. సందేశంలో ఏది ఉండాలో, దాని బదులు ఏది ఉందో రెండూ చెప్పండి. ఊహించినదాన్ని మాత్రం ‘రెండు సమాన గుర్తులు పెట్టాలనుకున్నారా?’ అని ప్రశ్నగానే అడగండి. తప్పుడు ఊహను నిశ్చయంగా చెప్పడం కన్నా ఏమీ చెప్పకపోవడమే మేలు.

తప్పున్న లైనును ముద్రించి, కింద బాణం గుర్తు పెట్టండి. ఇక్కడ తెలుగు రాసేవారికి ఒక చిక్కుంది. ‘క్షి’ కంటికి ఒక్క అక్షరమే, కానీ అక్షరాలకు, గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో నాలుగు సంకేతాలు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. బైట్లు లెక్కపెట్టి బాణం పెడితే అది ఎక్కడో దూరంగా పడుతుంది. కనిపించే వెడల్పునే లెక్కించాలి.

ఒక తప్పు వెంట ఇరవై సందేశాలు రాకుండా, తర్వాతి వాక్యం మొదలయ్యేదాకా టోకెన్లను వదిలేయండి.

చివరగా, కావాలని తప్పులు పెట్టిన చిన్న ప్రోగ్రాములను, వాటికి రావలసిన సందేశాలను జతలుగా దాచుకోండి. వ్యాకరణం మార్చిన ప్రతిసారీ అన్నింటినీ నడిపి చూడండి.